ఏ మట్టిలోనైనా బతుకుతుందన్న చెట్టు

క్రాబ్ యాపిల్ ఏ మట్టిలోనైనా బతుకుతుందంటారు. న్యూజీలాండ్‌లో ఏ నర్సరీకి వెళ్లినా మొక్కకు కట్టిన చీటీ మీద ఇదే మాట ఉంటుంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆ చీటీలు నేనూ కొన్ని వందలు రాశాను. కాబట్టి చెప్పే హక్కు నాకుంది: ఆ మాట సగం అబద్ధం. మిగతా సగం అబద్ధం కన్నా ప్రమాదం.

ప్రమాదం ఎందుకంటే, ఆ చెట్టు వెంటనే చావదు. క్రాబ్ యాపిల్ మొక్కను ఇక్కడ చలికాలంలో అమ్ముతాం. ఆకు ఉండదు, వేళ్లకు మట్టి కూడా ఉండదు, ఎండుపుల్లలా ఉంటుంది. అయినా కాండంలో దాచుకున్న తిండితో మొదటి వసంతంలో చిగురేస్తుంది, పూస్తుంది కూడా. కొన్నవాళ్లు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'చూశారా, ఏ మట్టిలోనైనా వస్తుంది' అని రాస్తారు. అప్పటికే కింద వేళ్లు కుళ్లుతూ ఉండవచ్చు. చెట్టు పూసినంత మాత్రాన బతికినట్టు కాదు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. అది కూడా నా చెట్లతో కాదు, ఇంకొకరి చెట్లతో.

హార్టికల్చర్ చదవడానికి పామర్‌స్టన్ నార్త్ వచ్చే మన పిల్లలు నాకు ఫోన్ చేసి, "ఆంటీ, మీ కెరీర్ గురించి చెప్పండి" అంటారు. వాళ్లకు కావలసింది ఏ కోర్సు చేస్తే ఏ వీసా వస్తుందన్నది. అది చెప్పడానికి ఏజెంట్లున్నారు. నడుము ఇక ఒప్పుకోనని చెప్పేసింది కాబట్టి యాభై ఏడేళ్లకే ఇంట్లో కూర్చున్నాను. ఆ ఉద్యోగం నిజంగా ఏమిటో ఇప్పుడు తీరిగ్గా రాస్తాను. ఉద్యోగమంటే మట్టిని చదవడం. చదివింది తప్పని తేలినప్పుడు ఒప్పుకోవడం. రెండోది సిలబస్‌లో లేదు.

నోలా పార

ఒంగోలు పక్క పల్లెటూరి నుంచి వచ్చి, వ్యవసాయంలో డిగ్రీ చేసి, పెళ్లయ్యాక న్యూజీలాండ్‌లోని హామిల్టన్ చేరాను. నా సర్టిఫికెట్ చూసి నలుగురు తల ఊపి పంపేశారు. ఐదో మనిషి నోలా. ఊరి బయట నర్సరీ ఆవిడది. అప్పటికే అరవై దాటింది. గమ్‌బూట్లు, చిరిగిన స్వెట్టర్, నోట్లో మాట తక్కువ. సర్టిఫికెట్ తిరగేసి కూడా చూడలేదు. ఒక పార చేతికిచ్చి, "అక్కడ ఒక గుంత తవ్వి, ఏం కనిపించిందో చెప్పు" అంది.

తవ్వాను. తడి మట్టి తీసి అరచేతుల మధ్య పుల్లలా చుట్టాను, వంచాను. విరిగితే ఇసుక పాలు ఎక్కువ, ఉంగరంలా చుట్టుకుంటే బంక ఎక్కువ. ఇది కాలేజీలో మొదటి ఏడే నేర్పుతారు. నోలా తల ఊపి, నా చేతిలో మట్టి తీసుకుని వాసన చూసింది. వాసన చూడడం మాకెవరూ నేర్పలేదు.

"విజ్," అంది. నా పేరు విజయ, ఆవిడకు అంత టైం లేదు. "సోమవారం వచ్చెయ్."

నోలా గురించి చాలామంది 'గొప్ప గురువు' అన్నట్టు మాట్లాడతారు. ఒప్పుకోను. ఆవిడ గొప్ప తోటమాలి, గురువుగా మాత్రం అరకొర. తనకు తెలిసింది చెప్పదు, మనం పడిపోయేదాకా చూస్తుంది. దాని సంగతి కింద వస్తుంది.

నలుపంతా రేగడి కాదు

చేరిన కొత్తలో నేను చేసిన మొదటి తెలివితక్కువ పని చెబుతాను. హామిల్టన్ చుట్టూ పల్లపు నేలల్లో పీట్ అనే మట్టి ఉంటుంది. నీళ్లలో నానుతూ, పూర్తిగా కుళ్లకుండా, వేల ఏళ్లు పేరుకుపోయిన గడ్డీ గాదమే అది. నల్లగా, మెత్తగా, చేతికి హాయిగా ఉంటుంది. ప్రకాశం జిల్లా మనిషికి నల్ల మట్టి కనిపిస్తే ఏమనిపిస్తుంది? నల్లరేగడి! పుట్టిల్లు కనబడినట్టు సంబరపడిపోయి, ఒక రైతుకు "ఏం పర్వాలేదు, బంగారం లాంటి నేల" అని ఆరు క్రాబ్ యాపిల్ మొక్కలు అంటగట్టాను.

రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, మళ్లీ వానకు మామూలవుతుంది. పీట్ అలా కాదు. నీరు తీసేస్తే కుంగిపోతుంది, మళ్లీ లేవదు. రెండేళ్లలో ఆరు చెట్లూ వేళ్లు బయటపెట్టుకుని, కల్లు తాగినట్టు తలో దిక్కుకు వాలిపోయాయి. రైతు మంచివాడు, నవ్వాడు. నేను నవ్వలేదు. రంగు చూసి మట్టిని చుట్టం చేసుకోకూడదని ఆ రోజు రాసుకున్నాను.

మౌంట్ ఆల్బర్ట్ అంకుల్

ఇది దానికి పూర్తిగా ఎదురు కేసు. ఆక్లండ్‌లో మౌంట్ ఆల్బర్ట్ పాత అగ్నిపర్వతం ఒడి. అక్కడ మన హైదరాబాద్ అంకుల్ ఒకాయన, స్కూల్ టీచరుగా రిటైరైన మనిషి, మా దగ్గర క్రాబ్ యాపిల్ కొన్నారు. రెండు వేసవులు గడిచాయి, చెట్టు నడుం ఎత్తు దాటలేదు. ఆ వైపు మొక్కల లోడుతో వెళ్లినప్పుడు దిగి చూశాను.

"పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ పోస్తున్నానమ్మా," అన్నారు. "నేను తాగే చాయ్ కన్నా ఎక్కువ తాగుతోంది. అయినా జనవరి ఎండలు వచ్చేసరికి మాడిపోతోంది."

గడ్డపార దింపాను. జానెడు లోతులో ఖంగుమంది. ఇంకో చోట దింపాను, మళ్లీ ఖంగు.

"ఇది మట్టి కాదు అంకుల్. లావా రాయి మీద పరిచిన దుప్పటి. మీ బకెట్లు పగుళ్లలోంచి ఎటో పోతున్నాయి."

"మరి మీ చీటీలో ఏ మట్టిలోనైనా అని ఉంది కదా?"

"మట్టిలో అని ఉంది. రాతిలో అని లేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నన్ను చూశారు. "నువ్వు నర్సరీలో కాదమ్మా, కోర్టులో ఉండాల్సింది," అన్నారు.

వాదన నేనే గెలిచాను. కానీ దారిలో ఆలోచిస్తే ఆయన మాటే నిజం. చీటీ చదివి కొన్నాడు, చీటీ తప్పు. తరువాతి వారం మళ్లీ వెళ్లి, ఇద్దరం కలిసి పెరడంతా అడుగడుగునా ఇనప చువ్వతో పొడిచి చూశాం. బట్టలారేసే తీగ కింద ఒక చోట చువ్వ నడుం లోతు దాకా మెత్తగా దిగింది. రెండు బండల మధ్య మట్టి నిండిన సందు. చలికాలంలో చెట్టును అక్కడికి మార్చాం. మూడేళ్లకు ఆయన భార్య బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలని పోట్లాడేంత పెరిగింది. ముందు చోటుకూ ఈ చోటుకూ మధ్య నాలుగు అడుగులు కూడా లేవు. ఊరికొక మట్టి అని పుస్తకాలు పటాలు గీస్తాయి. ఒక్క పెరట్లోనే రెండు రకాల మట్టి ఉంటుందని ఆ చువ్వ చెప్పింది.

ఇంత తెలిసిన దాన్ని, తరువాత చేసిన పని చూడండి.

రజిత తొక్కు

రజిత కరీంనగర్ అమ్మాయి. స్టూడెంట్‌గా వచ్చి, ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ హామిల్టన్‌లో సెటిల్ అయింది. భర్త నరేశ్ పాల ట్యాంకర్ డ్రైవ్ చేస్తాడు. ఇద్దరూ పదేళ్లు ఫ్లాట్లలోనే ఉన్నారు. ఎక్కడా ఒక మొక్క నాటుకోనివ్వని ఓనర్లే దొరికారు.

ఇక్కడ పచ్చి మామిడికాయ దొరికినా అది ఎక్కడి నుంచో ప్రయాణం చేసి, నీరసపడి వస్తుంది. రజిత ఒక శరదృతువులో, అంటే ఇక్కడి లెక్కలో మార్చి, ఏప్రిల్‌లో, వీధిలో రాలిపడిన క్రాబ్ యాపిళ్లు ఏరుకొచ్చింది. రేగుపండు కన్నా కాస్త పెద్దవి, పులుపు, వగరు, గట్టి కండ. కివీలు, అంటే ఈ దేశం వాళ్లు, వాటితో జెల్లీ చేసుకుంటారు, లేదా పక్షులకు వదిలేస్తారు. ఈమె ముక్కలు కోసి, ఉప్పులో ఊరబెట్టి, ఒకరోజు ఎండబెట్టి, కారం, మెంతిపొడి, ఎల్లిపాయ వేసి తొక్కు పెట్టింది. బతుకమ్మ రోజున కమ్యూనిటీ హాలుకు తెస్తే సీసా అడుగు నాకేశారు జనం. నేను కూడా. వగరు విరిగిపోయి, ముక్క పళ్ల కింద కరకరలాడుతూ ఉంది. మామిడి ఆవకాయ తిని పెరిగిన నోటితో ఒప్పుకుంటున్నాను.

అప్పుడే వాళ్లు ఊరి బయట రెండెకరాల చిన్న నేల కొన్నారు. రజిత ఉద్యోగం మానేసి, క్రాబ్ యాపిల్ తోట వేసి, తొక్కు చేసి అమ్ముతానంది. నరేశ్ సరేనని ఒక షరతు పెట్టాడు. ఆ షరతు నా ముందే పెట్టాడు కాబట్టి మాట మారదు: నాటిన నాలుగో శరదృతువుకు సొంత చెట్ల కాయతో, తొక్కుకని కొన్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిండాలి. నిండకపోతే నేల అమ్మేసి ఆక్లండ్ వెళ్లిపోవాలి. అక్కడ అతని అన్న దగ్గర పని ఉంది, రజితకు మళ్లీ ల్యాబ్.

"మా ఆమె చెట్లతోని గంటలు గంటలు మాట్లాడతది," అన్నాడు నరేశ్. "నాతోని మాత్రం, కూర ఫ్రిజ్‌ల ఉన్నది అంటది, అంతే."

"చెట్లు వింటయ్ కాబట్టి," అంది రజిత.

ఐదు మార్కుల జవాబు

నేల చూడడానికి వెళ్లాను. పైన చిన్న గుట్ట, మధ్యలో వాలు, కింద పల్లం. గుట్ట మీద గోధుమరంగు అగ్నిపర్వత బూడిద మట్టి, పిడికిట్లో పట్టి వదిలితే రవ్వలా విరిగింది. కిందికి వస్తున్నకొద్దీ బంక ఎక్కువైంది. పల్లంలో మట్టి ఉంగరంలా చుట్టుకుంది. అంతా చూశాను. చూసి కూడా, నలభై మొక్కలు, వరుసకు పది చొప్పున నాలుగు వరుసలు, అన్నిటికీ ఒకే పద్ధతి చెప్పాను.

మన దగ్గర వ్యవసాయం చదివిన వాళ్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు ఆ పద్ధతి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క. పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్, వేపపిండి కలిపి గుంత నింపి, మొక్క నాటాలి. పరీక్షలో ఐదు మార్కులు. మామిడికీ అదే, సపోటాకీ అదే. వేపపిండి దొరక్క నేను ఎముకల పొడి వేయించాను. తక్కినదంతా అక్షరాలా అదే.

నరేశ్ చిన్న డిగ్గర్ అద్దెకు తెచ్చి నలభై గుంతలు తవ్వాడు. మొక్కలు దింపడానికి నోలా వచ్చింది. ఒక గుంత అంచున నిలబడి చాలాసేపు లోపలికి చూసింది.

"విజ్, ఇందులో ఎవరిని పాతిపెడుతున్నావు?"

"చెట్టుకు పరుపు వేస్తున్నాను."

"పరుపా? నాకు స్నానాల తొట్టిలా ఉంది."

ఇంకేముంది, నేను మొదలుపెట్టాను. వేళ్లకు వదులు మట్టి కావాలని, పోషకాలు కావాలని, కోటిమంది రైతులు ఇలాగే నాటుతున్నారని, నాకు డిగ్రీ ఉందని. పది నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా వాదించాను. నోలా చేతులు దులుపుకుని, "సరే, నీ మనుషులు, నీ చెట్లు," అని వెళ్లిపోయింది.

వాదనలో నన్ను గెలిచినవాళ్లు తక్కువ. నా వృత్తికి అదే పెద్ద చేటు.

నవంబరు

సెప్టెంబరులో నలభై చెట్లూ చిగురించాయి. అక్టోబరులో కొన్ని పూశాయి. రజిత ఫోటోలు పంపింది, నేను నోలాకు కావాలని చూపించాను. నవంబరు మధ్యలో ఫోన్.

"అక్కా, కింది వరుసల ఆకులన్నీ వాడిపోతున్నయ్. నీళ్లు తక్కువైనయా ఏంది?"

"ఎన్ని పోస్తున్నావు?"

"నువ్వు చెప్పినట్టే. వారానికి రెండుసార్లు."

ఇక్కడ నేను చేసింది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తున్నాను. "నువ్వు ఎక్కువ పోసి ఉంటావు," అన్నాను. చెట్టు చూడకుండానే. "ప్రేమ ఎక్కువై ముంచేశావు. ఆపెయ్." అలా అనేసి, నర్సరీలో పని ఎక్కువగా ఉందని రెండు వారాలు వెళ్లలేదు.

వెళ్లేసరికి మూడో వరుసలో అన్నీ పోయాయి. నాలుగో వరుస పల్లంలో ఉంది, అదీ దాదాపు అంతే. రజిత నీళ్లు పూర్తిగా ఆపేసింది. అయినా చచ్చాయి. ఒక మొక్కను పట్టుకుని లాగాను. మజ్జిగలోంచి గరిట తీసినట్టు వచ్చేసింది. వేళ్ల మీద తోలు జారిపోయింది. గుప్పున కుళ్లిన కోడిగుడ్డు వాసన. నరేశ్ ముక్కు మూసుకున్నాడు.

పార తీసుకుని గుంతను అడ్డంగా కోశాను. చుట్టూ బూడిదనీలం బంకమట్టి, మధ్యమధ్యలో తుప్పు మరకలు. ఏళ్ల తరబడి నీరు నిలిచి గాలి ఆడని మట్టికి అదే రంగు, ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. డిగ్గర్ బకెట్ రాసుకుపోయిన గుంత గోడలు కుమ్మరి సారె మీద కుండలా నున్నగా మెరుస్తున్నాయి. లోపల నేను ప్రేమగా వేయించిన ఎరువు, అందులో నల్లటి నీరు. చలికాలమంతా కురిసిన వాన చుట్టుపక్కల గట్టి నేల మీద నుంచి జారి, వదులుగా ఉన్న నా గుంతల్లోకి దిగింది. దిగింది సరే, పోవడానికి దారి ఏది?

మా ఒంగోలులో ఆ గుంత దొరికిన నాలుగు చినుకులను పట్టి ఉంచడానికి. అక్కడ అది చేసే మేలే ఇక్కడ చేసిన కీడు. వాన కరువైన నేల కోసం కనిపెట్టిన పద్ధతిని ఏడాదంతా వాన పడే నేలలోకి సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చాను. గుంతలో బకెట్ నీళ్లు పోసి, మర్నాటికి ఇంకాయో లేదో చూస్తే సరిపోయేది. ఒక్క బకెట్.

"రజితా, తప్పు నాది," అన్నాను. "నీళ్లది కాదు. గుంతది. గుంత నేను చెప్పింది."

నేను పీకిన మొక్కను ఆమె పైకి తీసింది. దానికి చీటీ ఇంకా వేలాడుతోంది. దాన్ని తెంపి జేబులో పెట్టుకుంది.

"రెండు వారాలు నేనే సంపిన అనుకున్న అక్కా," అంది. "అన్నం తినబుద్ధి కాలే. ఈయన ఒక్క మాట అనలే, అదింకా బాధ. నువ్వొక్కసారి వచ్చి చూస్తే ఏం పోతుండె?"

పార తీసుకుని పక్క గుంత కోయడం మొదలుపెట్టాను.

చెట్లు చంపడం పొరపాటు, ఎవరైనా చేస్తారు. చూడకుండా నెపం కొన్నవాళ్ల మీద వేయడం పొరపాటు కాదు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఆ రెండిటినీ కలిపేయకండి.

నోలాతో తగువు

నర్సరీకి తిరిగొచ్చి నోలా మీద పడ్డాను. "తొట్టి అన్నావు, తెలిసే అన్నావు. గట్టిగా ఆపలేదెందుకు?"

"ఆపితే వినేదానివా?"

"విననే. అయినా ఆపాలి."

"ఒకసారి ముంచితే మళ్లీ ముంచవు. నేనూ అలాగే నేర్చుకున్నాను."

ఇది విని అందరూ 'ఎంత నిజం' అంటారు. నేను అనను. నాకు పాఠం కావాలంటే నర్సరీ వెనక మూడు మొక్కలు ముంచి చూపించవచ్చు. రజిత తోట నా పలక కాదు. నోలా దీనికి "యా, నా" అంది. ఈ దేశంలో ఆ రెండు ముక్కలకు 'నువ్వన్నది సగం నిజం, ఇక చాలు' అని అర్థం. కానీ మరుసటి చలికాలం కొత్త మొక్కలు ట్రక్కులో తనే ఎక్కించి, నాతో వచ్చి పార పట్టింది. అది ఆవిడ చెప్పిన సారీ అని నేను తీసుకున్నాను.

ఈసారి గుంతలు లేవు. చచ్చిన చోట్లన్నీ పూడ్చేసి, పక్కన పైమట్టితో మోకాలెత్తు వెడల్పాటి దిబ్బలు పోశాం. ఎరువు కలపలేదు, పైన మాత్రమే పరిచాం. వేళ్లు దిబ్బలో ఉంటాయి, నీరు చుట్టూ జారిపోతుంది. అవన్నీ నిలబడ్డాయి. కానీ అవి పొట్టి మొక్కలు, కాపుకు టైం పడుతుంది. నరేశ్ షరతుకు ఉన్న గడువు మాత్రం ఆగదు కదా.

నాలుగో వరుస, ఆరో చెట్టు

ఇప్పుడు లెక్క చెబుతాను. మొదట నాటిన నలభైలో గుట్ట మీది వరుస పదికి పది బతికాయి. అక్కడి మట్టి నా గుంతను కూడా భరించింది. రెండో వరుసలో ఏడు. మూడో వరుసలో ఒక్కటీ లేదు. నాలుగో వరుస, అంటే అన్నిటికన్నా పల్లం, అన్నిటికన్నా బంక, చలికాలంలో గమ్‌బూటు ఇరుక్కుపోయే చోటు. అందులో ఆరో చెట్టు బతికింది.

మొదటి ఏడాది అది బతికి ఉందని ఎవరం లెక్కలో వేసుకోలేదు, ఇవాళో రేపో పోతుందనుకున్నాం. పోలేదు. లోపలి వదులు మట్టి మొదటి వానలకే అణిగి గుంత కుంగిపోయి, చెట్టు జానెడు కిందికి దిగిపోయింది. అంటు కట్టిన చోటు, అంటే కింది వేరుకూ పైన కట్టిన క్రాబ్ యాపిల్ కొమ్మకూ ఉన్న అతుకు, మట్టిలో కూరుకుపోయింది. అంటు మట్టికి పైన ఉండాలి, కూరుకుపోతే చెట్టుకు మంచిది కాదు అని ఇరవై రెండేళ్లు కస్టమర్లకు చెప్పిన దాన్ని నేను. అది వినలేదు. మూడో ఏడు గుట్ట మీది వాటిని దాటి పెరిగింది.

నాలుగో వసంతంలో సరిగ్గా పూత మీద పది రోజులు పడమటి గాలి, వాన. గుట్ట మీది చెట్ల పూత రేకు మిగలకుండా కొట్టుకుపోయినంత పనైంది. పల్లం చల్లగా ఉంటుంది కాబట్టి ఆరో చెట్టు ఆలస్యంగా పూసింది. గాలి ఆగాక పూసింది. తేనెటీగలన్నీ దానికే వచ్చాయి.

మార్చి ఆఖరులో కోత. నీలం డ్రమ్ము షెడ్డు ముందు పెట్టారు. నేనూ వెళ్లాను, రమ్మని ఎవరూ పిలవలేదు. గుట్ట మీది పదీ, వాలులోని ఏడూ కలిపి కోస్తే డ్రమ్ము సగం దాటి ఆగిపోయింది. దిబ్బల మీది కొత్త మొక్కలకు తలా నాలుగు కాయలు. రజిత చెమట తుడుచుకుని డ్రమ్ములోకి చూసింది. తరువాత బుట్ట తీసుకుని పల్లంలోకి దిగింది. ఒక బుట్ట, రెండు, మూడు. నాలుగోసారి నరేశ్ తనే నిచ్చెన మోసుకెళ్లాడు. ఒక్క చెట్టు కొమ్మలు నేలకు వంగేలా కాసింది.

చివరి బుట్ట కుమ్మరించాక డ్రమ్ము అంచుకు ఇంకా జానెడు తక్కువ ఉంది. ముగ్గురం చూశాం.

"నిండింది పో," అన్నాడు నరేశ్.

"ఏడ నిండింది? జానెడున్నది," అంది రజిత.

"ఆ జానెడు నీ చెట్లతోని మాట్లాడుకో. నేను మా అన్నకు ఫోన్ చేస్త, వస్తలేమని."

వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. దిబ్బలు కూడా ఇప్పుడు బాగా కాస్తున్నాయి. హామిల్టన్‌లో మన షాపుల్లో ఆ తొక్కు దొరుకుతుంది. నేను చెప్పదలచుకుంది అది కాదు.

తవ్వితే తెలుస్తుంది

ఆ చెట్టు ఎందుకు బతికింది?

మొదట పక్క పొలం గట్టు మీది పెద్ద విల్లో చెట్టు ఆ చోటి నీరంతా తాగేస్తోందేమో అనుకున్నాను. విల్లో అలాంటి దాహం గల చెట్టే. పక్కింటాయన దాన్ని కొట్టించేశాడు. ఆరో చెట్టు ఆకు కూడా వాల్చలేదు. తరువాత పాత డెయిరీ రైతులు పాతిన మట్టిగొట్టపు కాలువ కిందనుంచి పోతోందేమో అనుకున్నాం. ఈ ప్రాంతంలో అలాంటివి చాలా ఉన్నాయి. నరేశ్ ఒక ఆదివారమంతా చుట్టూ చువ్వతో పొడిచాడు. గొట్టం తగల్లేదు. తగలనంత మాత్రాన లేదని కాదనుకోండి.

ఇక మిగిలింది నాకు నచ్చని ఊహ. అంటు కూరుకుపోయింది కదా, పై భాగం తనంతట తను కొత్త వేళ్లు వేసి ఉండాలి. మేం కట్టిన కింది వేరు ఎప్పుడో కుళ్లిపోయి, పైన జానెడు మట్టిలో అడ్డంగా సొంత వేళ్లు పరుచుకుని ఉండాలి. అదే నిజమైతే బంకమట్టిలో క్రాబ్ యాపిల్‌కు అంటు ఎందుకు కడుతున్నాం, పైన ఎందుకు ఉంచమంటున్నాం అని నా సగం ఉద్యోగాన్ని తిరగరాయాలి. కానీ పక్క చెట్లు చావకముందే వాటి గుంతలు కూడా కుంగాయి. వాటిలో అంట్లు కూడా కూరుకున్నాయి. అవెందుకు వేళ్లు వేయలేదు? నోలాను అడిగితే, "కొన్ని చెట్లంతే," అంది. అది జవాబు కాదు, జవాబు లేదని ఒప్పుకోవడం. కాకపోతే ఆవిడ ఒప్పుకోవడం నేను విన్నది అదొక్కసారే.

పోయిన చలికాలం రజితను అడిగాను. ఒక్క పక్క, ఒక్క మూర తవ్వి చూస్తానని. చెట్టుకు ఏమీ కాదని.

"గుంత తవ్వినప్పుడు గూడ ఏం కాదన్నవ్ అక్కా," అంది నవ్వుతూనే. "నీకు తెలుసుకునుడు గావాలె. నాకు చెట్టు గావాలె. పార ట్రక్కుల పెట్టి లోపలికి రా, చాయ్ పెడత."

పార ట్రక్కులో పెట్టాను. ఆమె చెప్పింది సరైనదే, ఈసారి వాదించలేదు. కానీ ఆ చెట్టు పక్కన నిలబడిన ప్రతిసారీ కాళ్ల కింద మట్టి చప్పుడు వింటాను. నాకన్నా బాగా చదివిన పిల్లలు ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నారు, మీలో ఎవరికైనా తవ్వకుండా చూసే ఉపాయం తెలిస్తే చెప్పండి: గాలి చొరని ఆ బూడిదనీలం బంకలో, నేను చేతులారా చేసిన ఆ తొట్టిలో, అది ఏ వేళ్లతో ఊపిరి తీసుకుంటోంది?